గాలి పేరు పెట్టుకున్న నెత్తురు గొట్టం

మటన్ కొట్లో మేక ఊపిరితిత్తులు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? వాటి పైన చేతికి గరుగ్గా, కణుపులు కణుపులుగా తగిలే గొట్టం ఒకటుంటుంది. దాన్ని పట్టుకుని ఎత్తితే రెండు తిత్తులూ దానికే వేలాడతాయి. ‘ఆర్టరీ’ అనే మాట మొదట్లో ఆ గొట్టం పేరు.

ఇవాళ డాక్టరు ఆర్టరీలో బ్లాక్ ఉందంటే మనకు నెత్తురే గుర్తొస్తుంది. కానీ ప్రాచీన గ్రీకులో ‘ఆర్టేరియా’ అంటే ఊపిరి గొట్టం. అరిస్టాటిల్ కూడా ఆ అర్థంలోనే వాడాడు.

మరి ఆ పేరు ధమనులకు, అంటే గుండె నుంచి నెత్తురు మోసుకెళ్లే గొట్టాలకు, ఎలా వచ్చింది? ప్రాణం పోయాక ధమనుల మందపాటి గోడలు ముడుచుకుని, నెత్తురు చాలావరకు సిరల్లోకి, అంటే దాన్ని గుండెకు తిరిగి తెచ్చే గొట్టాల్లోకి, చేరిపోతుంది. కోసి చూసినవాళ్లకు సిరల నిండా నెత్తురు, ధమనులేమో దాదాపు ఖాళీ. ఖాళీ గొట్టంలో గాలి కాక ఇంకేముంటుంది? క్రీ.పూ. 300 ప్రాంతంలో, కోస్ ద్వీపానికి చెందిన గ్రీకు వైద్యుడు ప్రాక్సాగొరస్ అలాగే అనుకున్నాడు. సిరల్లో నెత్తురు, ధమనుల్లో ‘న్యూమా’ అనే ప్రాణశక్తి గల గాలి పారుతాయన్నాడు. పొరపాటే. కానీ ధమని వేరు, సిర వేరు అని స్పష్టంగా విడదీసిన ఘనత కూడా ఆయనదే. అది చిన్న విషయం కాదు.

బతికున్న మనిషికి ధమని తెగితే నెత్తురు చిమ్ముతుంది కదా? దానికీ ఎరాసిస్ట్రాటస్ అనే మరో గ్రీకు వైద్యుడి దగ్గర జవాబుంది: ముందు గాలి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి సిరల నుంచి నెత్తురు దూసుకొస్తుంది! ఎంత తెలివైన తప్పో చూడండి. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు దీన్ని తేల్చాడు. బతికున్న జంతువు ధమనిని రెండుచోట్ల దారంతో గట్టిగా కట్టి, మధ్యలో కోశాడు. లోపల ఉన్నది నెత్తురే.

గాలి పోయింది గానీ పేరు మిగిలింది. రెండింటికీ ఒకే పేరైతే తికమకే కాబట్టి ఊపిరి గొట్టాన్ని ‘గరుకు ఆర్టేరియా’ అనేవారు. గరుకు అనే ఆ విశేషణమే ‘ట్రాకియా’. చివరికి అసలు పేరు నెత్తురు గొట్టానికి పోయి, ఊపిరి గొట్టానికి విశేషణం ఒక్కటే దక్కింది!

ఇంతకీ ఆర్టేరియా ఎలా పుట్టింది? గాలిని కాపాడేది అన్న వ్యుత్పత్తి పాతకాలం నుంచీ ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, అర్థానికి తగ్గట్టు తర్వాత అల్లినట్టే కనిపిస్తుంది. ఎత్తడం, వేలాడదీయడం అనే అర్థమున్న ‘అయేరో’ క్రియ నుంచి వచ్చిందన్నది రెండో వాదన. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని పేరు ‘అయోర్టా’నీ ఆ క్రియకే ముడిపెడతారు. గొట్టానికి వేలాడే తిత్తుల్ని చూశాక నా మనసు దీనివైపే మొగ్గుతుంది. పండితులు మాత్రం ఇంకా ఏదీ ఖాయం చేయలేదు.

మన ‘ధమని’ సంగతి చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. సంస్కృతంలో దాని ధాతువుకు ఊదడం అని అర్థం. కొలిమి తిత్తితో గాలి ఊదినా, శంఖం ఊదినా ఆ ధాతువే. నెత్తురు పారే గొట్టానికి మన దగ్గరా ఊపిరి వాసనున్న పేరే పడింది.