పాత ఎంజీబీలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: అపోహలు - వాస్తవాలు

ఎంజీబీ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా తయారైంది. దాని 1798 సీసీ ఇంజను, మన అంబాసిడర్‌లో దశాబ్దాలు తిరిగిన 1489 సీసీ ఇంజను, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబానివే. అంబాసిడర్‌లో సీబీ పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి, తెంపే కాంటాక్టులు) సెట్ చేసిన చేతికి, స్పార్కుని ప్లగ్గులకు పంచే ఎంజీబీ డిస్ట్రిబ్యూటర్ కొత్తేమీ కాదు. ఆ పాయింట్లు తీసేసి, వాటి పని చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బిగించేటప్పుడే ఇబ్బందులు మొదలవుతాయి. వాటిలో ఎక్కువ భాగం డిస్ట్రిబ్యూటర్ బయట, వైరింగ్‌లో ఉంటాయి.

అపోహ: రెండు వైర్లే కదా, పది నిమిషాల పని.

వాస్తవం: పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ లాంటి కిట్‌లో ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి. నెగటివ్ ఎర్త్ బండిలో (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపి ఉన్నదానిలో) కలపాల్సింది అంతే. కానీ ఆ ప్లస్‌కి కరెంటు ఎలా వస్తోందో చూడండి. ఇగ్నిషన్ స్విచ్, తెల్ల వైరు, దారిలో బుల్లెట్ కనెక్టర్లు, అన్నీ యాభై ఏళ్లవి. ఇంజను నడుస్తుండగా మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండోది కాయిల్ ప్లస్‌కి పెట్టండి. అర వోల్టు లోపు చూపిస్తే దారి బాగుంది. రెండు వోల్టులు చూపిస్తే ముందు అది సరిచేయాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీయే 10 వోల్టులకు పడిపోతుంది. అందులోంచి ఇంకో రెండు పోతే మాడ్యూల్ పనిచేయడం కష్టం. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఉలుకూ పలుకూ లేకుండా, తాళం వదిలిన క్షణంలో ఇంజను ఒక్కసారి అందుకోబోతే ఈ లోపాన్నే ముందు అనుమానించండి.

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. దాని కొనల మీది నంబర్ల ప్రకారం: పాత తెల్ల వైరు 86కి, 85 ఎర్త్‌కి, బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి కాయిల్‌కీ మాడ్యూల్‌కీ. ఇక్కడ చాలామంది మరిచేది టాకోమీటర్. సుమారు 1972 వరకు వచ్చిన బండ్లలో స్మిత్స్ ఆర్‌వీఐ మీటరు ఉంటుంది. కాయిల్‌కి వెళ్లే తెల్ల వైరులో పారే కరెంటు పల్సులను లెక్కపెట్టి ఆర్‌పీఎం చూపిస్తుంది. కాయిల్‌కి రిలే నుంచి నేరుగా వైరు లాగితే ముల్లు సున్నా దగ్గరే పడుకుంటుంది. 87 నుంచి వచ్చే వైరు కూడా మీటరు వెనక ఆ లూప్ మీదుగానే పోవాలి, అదీ అసలు ఉన్న దిశలోనే. విప్పే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

అపోహ: బ్యాలాస్ట్ రెసిస్టర్ ఎక్కడా కనబడలేదు కాబట్టి ఈ బండిలో లేదు.

వాస్తవం: రబ్బరు బంపర్ బండ్లలో (1974 చివరి నుంచి వచ్చినవి) బ్యాలాస్ట్, అంటే కాయిల్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించే రెసిస్టర్, విడి భాగంగా ఉండదు. వైర్ల కట్టలోనే దాగిన గులాబీ-తెలుపు రెసిస్టెన్స్ వైరే బ్యాలాస్ట్. పాయింట్లు ఉండగానే తేల్చుకోండి: పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ చూడండి. 12కి దగ్గరగా ఉంటే బ్యాలాస్ట్ లేదు, 6-7 ఉంటే ఉంది. ఉన్నప్పుడు మాడ్యూల్ ఎర్ర వైరుని కాయిల్ దగ్గర కాకుండా, బ్యాలాస్ట్‌కి ముందున్న పూర్తి 12 వోల్టుల చోట కలపాలి.

అపోహ: కాయిల్ ఏదైనా ఒకటే, స్పోర్ట్స్ కాయిల్ అయితే ఇంకా మంచిది.

వాస్తవం: లెక్క చూడండి. 13.8 వోల్టుల దగ్గర 3 ఓమ్‌ల కాయిల్ గరిష్ఠంగా 4.6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాలాస్ట్ కోసం చేసిన 1.5 ఓమ్‌ల కాయిల్‌ని నేరుగా కలిపితే అది 9 దాటుతుంది. మొదటి తరం ఇగ్నైటర్‌కి నాలుగు సిలిండర్ల ఇంజనులో కాయిల్ ప్రైమరీ (ప్లస్, మైనస్ కొనల మధ్య చుట్ట) కనీసం 3 ఓమ్‌లు ఉండాలి. డబ్బా మీద రాసిన ‘40 కేవీ’ కంటే మీటరు చూపించే ఓమ్‌లు నమ్మండి. ఇంజను ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయడం కూడా ఈ రకం మాడ్యూల్‌ని కాల్చేస్తుంది.

అపోహ: ఎర్త్ అంటే ఎప్పుడూ మైనస్సే.

వాస్తవం: 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్. ఆ తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు, మార్చకపోయి ఉండొచ్చు. సీట్ల వెనక మూత తీసి, బాడీకి బిగించిన కేబుల్ ఏ పోల్ నుంచి వస్తోందో కళ్లతో చూడండి. తిరగేసి కలిపితే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. పాజిటివ్ ఎర్త్‌కి కిట్ వేరు.

అపోహ: ఎలక్ట్రానిక్ పెడితే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: 6000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజనుకి సెకనుకి 200 స్పార్కులు కావాలి. సరిగ్గా 0.015 అంగుళాల గ్యాప్ పెట్టిన పాయింట్లు ఆ పని చక్కగా చేస్తాయి. మాడ్యూల్‌తో వచ్చే లాభం, ఆ సెట్టింగ్ అరిగి జారిపోకపోవడం. షాఫ్ట్ బుష్ ఊగుతున్నా, అడ్వాన్స్ స్ప్రింగులు సాగినా, వాక్యూమ్ డయాఫ్రం చిరిగినా మాడ్యూల్ బాగుచేయదు. బిగించాక టైమింగ్ కొంతైనా కదులుతుంది కాబట్టి, వాక్యూమ్ పైపు తీసి మూసేసి స్ట్రోబ్ లైటుతో మళ్లీ పెట్టి తీరాలి.

అపోహ: ఇక ప్లగ్గు గ్యాప్ బాగా పెంచుకోవచ్చు, రాగి తీగల ప్లగ్గు వైర్లు అయితే ఇంకా బలమైన స్పార్క్.

వాస్తవం: గ్యాప్ దాటడానికి ఎంత కావాలో వోల్టేజీ అంతవరకే పెరుగుతుంది. 0.025 అంగుళాల గ్యాప్‌ని 0.045 చేస్తే ఆ ఒత్తిడి డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ స్పార్కుని పంచే రోటర్ మీద పడుతుంది. నాసిరకం రోటర్లలో ఇత్తడి ముక్కను పట్టుకునే రివెట్ నుంచి స్పార్క్ ప్లాస్టిక్‌ని తొలుచుకుని కింద షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. లోపల సన్నటి నల్లచుక్క తప్ప ఏమీ కనబడదు, ఇంజను మాత్రం వేడెక్కాక మిస్ కొడుతుంది. 0.035 దాటకండి, రివెట్ లేని రోటర్ వేయండి. వట్టి రాగి తీగ వెదజల్లే రేడియో గోల మాడ్యూల్‌ని తికమకపెడుతుంది, సప్రెషన్ వైర్లే వాడాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల బేస్ ప్లేటుని బాడీకి కలిపే చిన్న బట్టచుట్టు ఎర్త్ వైరుని కూడా మూత పెట్టేముందు మెల్లగా లాగి చూడండి. వాక్యూమ్ అడ్వాన్స్‌తో పాటు ఏళ్ల తరబడి కదిలి కదిలి, పైకి బాగున్నట్టే ఉండి లోపల తెగి ఉంటుంది.