ట్రౌట్ చేప రేకును ఎందుకు కరుస్తుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలయేటి ఒడ్డున నా గాలాల పెట్టెను ముందేసుకొని కూర్చున్నప్పుడు మీలో చిన్నది స్పిన్నర్ అనే ఒక రేకు ఎరను ఎండలో తిప్పి చూస్తూ, "తాతయ్యా, ఇందులో తినడానికి ఏమీ లేదు కదా, ట్రౌట్ దీన్ని ఎందుకు కరుస్తుంది?" అని అడిగింది. నిజమే, సన్నని కడ్డీ, దాని చుట్టూ తిరిగే చిన్న రేకు, చివర కొక్కెం తప్ప అందులో మరేమీ లేదు. చేపకు తెలివి లేదని చెప్పి తప్పించుకోవచ్చు గాని, వాగులో పెరిగిన ట్రౌట్‌ను ఇన్నేళ్లుగా చూస్తున్న నాకు ఆ మాట అనడానికి నోరు రాలేదు. అందుకే ఇంటికి వచ్చాక నిదానంగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ట్రౌట్ ఎక్కడ నిలబడుతుందో చెప్పాలి. జనం కిటకిటలాడుతున్న ఒక వీధిని ఊహించుకోండి. వీధి మధ్యలో నిలబడినవాళ్లను జనం తోసుకుంటూ పోతారు. అదే ఇంటి గుమ్మంలో నిలబడితే ఒంటికి శ్రమ ఉండదు, వచ్చేపోయేవాళ్లందరూ కనబడతారు, నెత్తిన బుట్టతో వచ్చే మనిషి దగ్గర కావలసినది ఉంటే ఒక్క అడుగు ముందుకు వేసి తీసుకొని మళ్లీ లోపలికి వచ్చేయవచ్చు. ట్రౌట్‌కు వాగే వీధి, రాతి చాటే గుమ్మం. రాయి వెనుక, రాయి ముందర నీరు మెత్తబడే చోట, ఒడ్డు కింద కోసుకుపోయిన నీడలో, వడి నీరూ నిదాన నీరూ ఒరుసుకొని పారే గీత వెంబడి అది నిలబడుతుంది. ముఖం నీరు వచ్చే వైపే ఉంటుంది, ఎందుకంటే పురుగులు కొట్టుకొచ్చేది అటునుంచే, మొప్పల గుండా నీరు సులువుగా పారేదీ అలా నిలబడినప్పుడే. మంచి గుమ్మం ఒకరిదే. పెద్ద చేప వస్తే చిన్నది ఖాళీ చేయవలసిందే. ఎండలు ముదిరితే ఈ ఇళ్లు కూడా మారతాయి: 10 డిగ్రీల చల్లని మంచినీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 20 డిగ్రీలకు చేరిన నీరు 9 మాత్రమే పట్టి ఉంచగలదు కాబట్టి, గాలి కలిసిన నీరు నురగలు కక్కుతూ పారే చోట్లకు చేపలు చేరతాయి. అలాంటి రోజుల్లో నేను గాలం వేయను. ఊపిరికే కష్టపడుతున్న చేపతో పెనుగులాడటం నాకు న్యాయంగా తోచదు.

ఇక రేకు సంగతి. స్పిన్నర్‌ను లాగినప్పుడు రేకు కడ్డీ చుట్టూ తిరుగుతూ ప్రతి చుట్టుకూ నీటిని నెడుతుంది. ట్రౌట్ పక్కలవెంట, తల నుంచి తోక దాకా, పార్శ్వరేఖ అనే సన్నని వరుస ఉంటుంది. నీటిలోని ఆ చిన్న అదురును అది పసిగడుతుంది. గుమ్మంలో ఉన్నవాళ్లు గజ్జెల చప్పుడు విని తల తిప్పినట్లే చేప ఇటు తిరుగుతుంది. తిరిగేసరికి రేకు తళుక్కుమంటుంది, బెదిరి పక్కకు ఒరిగిన చిన్న చేప పొట్టలాగా. నిలబడి ఆలోచించే వ్యవధి దానికి లేదు, నీరు ఆ రేకును మోసుకుపోతుంది. మనమైతే చేత్తో పట్టుకొని చూస్తాం. దానికి చేతులు లేవు, నోటితోనే పట్టి చూడాలి. ఒక్కొక్కసారి ఆకలి లేకపోయినా, తన గుమ్మంలోకి చొరబడినదాన్ని తరిమేయడానికి కూడా కరుస్తుంది.

ఇంత తేలికైన రేకును అంత దూరం విసరగలగడం గాలపు కర్రకు బిగించి దారం చుట్టే రీల్ వల్లనే సాధ్యమైంది. పాత రీళ్లలో దారపు చుట్ట తిరిగితే గాని దారం వచ్చేది కాదు, దాన్ని తిప్పడానికి ఎర బరువుగా ఉండవలసి వచ్చేది. ఇంగ్లండులో బట్టల మిల్లుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో చుట్ట కదలకుండా దారం దాని కొస మీదుగా జారిపోయే రీల్‌కు పేటెంటు తీసుకున్నాడు. అందువల్లనే మూడు గ్రాముల స్పిన్నర్ కూడా వాగుకు అడ్డంగా అవతలి ఒడ్డు దాకా వెళుతుంది.

మీ వయసులో నాకు ఈ సంగతులేవీ తెలియవు. ఒక ఉదయమంతా కొండవాగు ఎగువ నుంచి దిగువకు, ఒడ్డున ధబధబ నడుస్తూ, నా ముందున్న ప్రతి మడుగులోకీ రేకు విసిరాను, ఒక్క చేపా రాలేదు. మా పెద్దనాన్న నా రాడ్, అదే గాలపు కర్ర, తీసుకొని పక్కన పెట్టి, నన్ను దిగువకు నడిపించి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మాట్లాడకుండా చూడమన్నాడు. చాలాసేపు నీరే కనిపించింది. తరువాత రాతి పక్కన నీడ అనుకున్నది తోక ఆడించింది. అది ఎగువకు చూస్తోంది. అంటే పొద్దున నేను ప్రతి చేపకూ ఎదురుగా నడిచి వెళ్లి నన్ను నేను చూపించుకున్నానన్నమాట. నా అడుగుల అదురు నాకన్నా ముందే దానికి చేరి ఉంటుంది. అప్పటి నుంచి నేను దిగువ నుంచే వెళతాను. వంగి నడుస్తాను, ఎగువకు విసిరి, నీటి వడి కన్నా కొంచెం వేగంగా రీల్ తిప్పుతాను. అంతకన్నా నెమ్మదిగా తిప్పితే దారం వదులై, రేకు తిరగడం మాని, ఎండుటాకులా అడుగుకు జారిపోతుంది.

మీరు గాలం పట్టే రోజున కొక్కెపు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముళ్లను పట్టకారుతో నొక్కేయండి. వదిలేయదలచిన చేపను తాకే ముందు చేతులు తడుపుకోండి, దాని ఒంటి మీది జిగురే దానికి కవచం. దాన్ని నీటిలోంచి ఎత్తినప్పుడు మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఉక్కిరిబిక్కిరి అయ్యేలోగా అది నీటిలో ఉండాలి.

ఇంతా చెప్పినా, పది స్పిన్నర్లను పోనిచ్చి పదకొండోదాన్ని అదే చేప ఎందుకు పట్టుకుంటుందో నాకు ఈనాటికీ వింతగానే ఉంటుంది. ఈ ఆదివారం రాడ్ లేకుండా వాగు దగ్గరకు వెళ్లండి. దిగువ నుంచి వంగి వెళ్లి, ఒక రాయిని ఎంచుకొని, దాని వెనుక నీడలన్నిటినీ ఓపికగా చూడండి. కదలని నీడల మధ్య తోక ఆడించే నీడ ఒకటి కనబడితే, అది ఏ గుమ్మంలో నిలబడిందో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య