కాటా చెప్పని లెక్క

రేపు కాటా ఎక్కాలంటే ఈ రోజు చోడి అంబలి కూడా ముట్టని కుర్రాళ్లు విజయనగరం వైపు కుస్తీ పట్టేవాళ్లలోనూ ఉంటారు. ఎండలో రెండు చొక్కాలు తొడుక్కుని పరుగు, ఆపైన గుక్కెడు నీళ్లు తాగకుండా నిద్ర. తెల్లారేసరికి 60 కిలోలవాడు 58 తూగుతాడు. తగ్గినదాంట్లో కొవ్వు ఏమంత ఉండదు, దాదాపు అంతా నీరే.

వీరఘట్టంలో పుట్టి, ఏనుగును రొమ్ము మీద నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడి ప్రదర్శనలకు బరువు తరగతులు లేవు. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది మాత్రం 69 కిలోల తరగతిలో. తరగతి ఉన్నచోట కాటాను మోసం చేసి, తనకన్నా తేలికవాళ్లతో తలపడాలన్న ఆశా ఉంటుంది.

1997లో అమెరికాలో నెల రోజుల పైచిలుకులో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే చెమటోడ్చి, ఒళ్లు ఎండగట్టుకుని చనిపోయారు. ఆ తర్వాత కనీస బరువు లెక్క గట్టిపడింది. అక్కడి హైస్కూళ్లలో అబ్బాయి ఒంట్లో 7 శాతం, అమ్మాయి ఒంట్లో 12 శాతం కొవ్వు మిగిలే బరువే హద్దు.

కొవ్వును కొలిచేదెలా? భుజం కింద చేతి వెనక, రెక్క ఎముక కింద, బొడ్డు పక్కన చర్మాన్ని చిటికెతో పైకి లాగి, ఆ మడత మందం క్యాలిపర్‌తో చూస్తారు. మూడూ కలిపి 30 మిల్లీమీటర్లయితే కొవ్వు సుమారు 11 శాతం. మన 60 కిలోల కుర్రాడిలో కొవ్వు పోను మిగిలేది 53.4 కిలోలు. హద్దు దగ్గర కొవ్వు 7 శాతం, మిగతాది 93 శాతం కాబట్టి దాన్ని 0.93తో భాగిస్తే 57.4. అంటే 57 కిలోల తరగతి అతనికి లేదు.

కానీ అతను ఎండిపోయి 58 కిలోలతో వచ్చాడనుకోండి. మడతలు పెద్దగా మారవు. అదే 11 శాతంతో లెక్కేస్తే హద్దు 55.5కి దిగిపోతుంది, మూసిన తలుపు తెరుచుకుంటుంది! అందుకే ముందు మూత్రం ఎంత చిక్కగా ఉందో చూస్తారు. నీటి సాంద్రత 1 అనుకుంటే మూత్రానిది 1.025 మించకూడదు. మించితే ఆ రోజుకి కొలతే లేదు.

ఈ మడతల లెక్క రెండు మూడు శాతం అటూ ఇటూ కావచ్చు. 57కీ 57.4కీ మధ్య ఉన్న ఆ 400 గ్రాములు అందులోనే ఇమిడిపోతాయి కదా, వదిలేద్దామా? నేనైతే వద్దంటాను. తప్పు అటువైపూ ఉండొచ్చు. పైగా 7 శాతమన్నది అడుగు గీత, చేరాల్సిన గమ్యం కాదు. దిగాలన్నా వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం, అంటే ఇతనికి 900 గ్రాములే. 57.4కి రావడానికే మూడు వారాలు పడుతుంది. ఎదిగే ఒళ్లు, 61 కిలోల తరగతి ఉంది. అంబలి తాగే వెళ్లొచ్చు.