గుర్రాన్ని బండికి కట్టే ముందు: అపోహలు, వాస్తవాలు

ఈ నెలలో ఇలాంటి ఫోన్ మూడోది. "అన్నా, గుర్రం కొని పది రోజులైంది, చాలా సాధు గుర్రం, పిల్లలు నిమిరినా ఏమీ అనదు, ఆదివారం బండి కట్టేద్దామనుకుంటున్నాం." వెనక నడుస్తూ పొడుగు పగ్గాలతో ఎన్నాళ్ళు తోలారని అడిగాను. అదెందుకన్నా అన్నాడు.

అపోహ: బండి కట్టేస్తే అదే నేర్చుకుంటుంది.

వాస్తవం: నేర్చుకునేది భయం. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది, కానీ సరిగ్గా తోక వెనక కనబడదు. మనం బండి పెట్టేది అక్కడే. కనబడనిదేదో చప్పుడు చేస్తూ వెంటపడితే పరుగెత్తుతుంది, పరుగెత్తేకొద్దీ ఆ చప్పుడు పెరుగుతుంది. ఒక్కసారి అలా బండితో పారిపోయిన గుర్రాన్ని మళ్ళీ దారికి తేవడానికి నెలలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ రావు.

మా దగ్గరికి ఒక ఎర్ర ఆడ గుర్రం వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు, టపాసుల మధ్య కదలకుండా నిలబడేదట, ఇక దేనికి బెదురుతుందిలే అని కొన్న మూడో రోజే బండి కట్టారు. పగ్గం తోక కింద ఇరుక్కుంది. అది తోక బిగపట్టి పరుగు లంకించుకుంది, ఇరుసు విరిగింది, యజమాని చేయి విరిగింది. మా దగ్గర మొదటి రెండు వారాలు దాన్ని ఒక్క అడుగు కూడా తోలలేదు. తాడును వీపు మీద, వెనక కాళ్ళ మీద, తోక కింద మెల్లగా ఆనించడం, అది ఊపిరి వదిలి తల దించగానే తీసేయడం, అంతే. పైన మనిషిని మోసిన అలవాటు వేరు, వెనక నుంచి వచ్చే మాట వినడం వేరు.

అసలు పని ఇలా మొదలవుతుంది: ఏడెనిమిది మీటర్ల నూలు పగ్గాలు, నైలాన్ వద్దు, జారితే అరచేయి కాలుతుంది. చేతికి గ్లౌజులు, కాళ్ళకు బూట్లు. పగ్గం చేతికి చుట్టుకోవద్దు, మెడలో వేసుకోవద్దు, ఎంత చెప్పినా చుట్టుకుంటారు! మొదట్లో బిట్ (నోట్లో పెట్టే ఇనుప కడ్డీ) లేకుండా హాల్టర్‌కే (తలకు తొడిగే పట్టీకే) పగ్గాలు కట్టి, నడుము పట్టీ రింగుల్లోంచి వెనక్కి తీయండి. తల దగ్గర ఒక మనిషి ఉండాలి. గుర్రం కాలు విసిరితే మీకు తగలనంత దూరంలో, కాస్త పక్కకు, దాని కంటికి కనబడేలా నడవండి. ముందు నేర్పాల్సింది ఆగడం. ఆగగానే పగ్గం వదులు చేయాలి, ఆ వదులే దానికి బహుమతి. రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. ఇవన్నీ కుదిరాక, ఒకరు పాత టైరును తాడుతో పక్కనే ఈడ్చుకుంటూ రావాలి, బెదిరితే వదిలేసేలా. తర్వాతే వెనక. నొగలు (గుర్రానికి రెండు పక్కలా వచ్చే బండి కర్రలు), బండి ఆ తర్వాత.

మా తాత కోడెలకు కాడి అలవాటు చేసేటప్పుడు అనుభవమున్న ఎద్దును జత కట్టి, ముందు దుంగ లాగించేవాడు, బండి చివర్లో. ఎద్దుకు ఇచ్చిన ఆ గడువు గుర్రానికి ఎందుకు ఇవ్వరు?

అపోహ: కళ్ళకు పక్కల గంతలు కడితే బెదరదు. పక్కన, వెనక ఉన్నది చూడదు కానీ వింటుంది. గంతలు లేకుండా నేర్పి, తర్వాత కట్టండి.

అపోహ: కంచర గాడిద మొండిది. కాదు. గుర్రం పారిపోయే చోట అది చాలాసార్లు ఆగి చూస్తుంది. హిమాలయాల్లో మన సైన్యానికి దశాబ్దాలుగా సరుకులు మోసింది అవే. ఆగినప్పుడు కొడితే గుర్తుపెట్టుకుంటుంది.

వెనక నడవాలంటే భయంగా ఉందని కొందరు సిగ్గుపడుతూ చెబుతారు. ఆ భయం సరైనదే, దూరం పాటించేలా చేస్తుంది. టెన్షన్‌గా ఉన్న రోజు పగ్గాలు పట్టుకోకండి, మాలిష్ చేసి వదిలేయండి.

తమ్ముడూ, ఆదివారం బండి బయటికి తీయొద్దు. నేను వస్తాను, నూలు పగ్గాలు, పాత స్కూటర్ టైరు ఒకటి సిద్ధంగా ఉంచు.