భార్య ఆసుపత్రిలో, మనం అమెరికాలో: రక్తదాతల గురించి అపోహలు - వాస్తవాలు

ఆ రోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. "అక్కా, బి పాజిటివ్ వాళ్లు ముగ్గురు దొరికారు. ఇంకో ఇద్దరి కోసం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. వాళ్లని ఎక్కడికి పంపమంటారు?" డాలస్ దగ్గర ఉండే ఒక తమ్ముడు. భార్యకి ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అని ఆ సాయంత్రమే చెప్పారట. ఎవరినీ ఎక్కడికీ పంపక్కర్లేదు, నువ్వు ముందు ఏదైనా తిని ఆ అమ్మాయి పక్కన కూర్చో అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడం అతని తప్పు కాదు. నేను ఉద్యోగం మొదలుపెట్టింది గుంటూరులో ఒక బ్లడ్ బ్యాంకులో. అక్కడ వరండా నిండా చొక్కా చేతులు మడుచుకుని నిలబడ్డ బావమరుదులు, తమ్ముళ్లు, ఊరివాళ్లే ఉండేవారు. ఇప్పుడు టెక్సస్‌లో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేస్తున్నాను. ఇలాంటి ఫోన్లు తరచూ వస్తాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పేషెంటు తరఫువాళ్లు దాతల్ని తెస్తేనే రక్తం ఇస్తారు.

మన దగ్గర ఇది అనుభవం నేర్పిన మాట. ఎంతమంది స్వచ్ఛందంగా ఇస్తున్నా, "ఒక బ్యాగు తీసుకుంటే ఒకరు ఇవ్వాలి" అనే రీప్లేస్‌మెంట్ పద్ధతి చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. అమెరికాలో రెడ్ క్రాస్, స్థానిక బ్లడ్ సెంటర్లు సేకరించిన రక్తం ముందే ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంటుంది. మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మేము స్టాకు లెక్క చూసుకుంటూనే ఉంటాం, తగ్గితే సెంటర్ నుంచి తెప్పిస్తాం. రక్తానికి రక్తం ఇవ్వమని మిమ్మల్ని ఎవరూ అడగరు. బిల్లులో పరీక్షలకీ, ప్రాసెసింగ్‌కీ ఛార్జీలు కనిపిస్తాయి. అవి ఇన్సూరెన్సుకి వెళ్తాయి.

మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. ఎర్రకణాలు 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులే. కీమో తీసుకునేవాళ్లకి అవి పదే పదే కావాలి. సాయం చేస్తామని అడిగే స్నేహితులకి నేను చెప్పేది ఇదే: దగ్గర్లోని సెంటర్‌లో ప్లేట్‌లెట్లు ఇవ్వండి. అవి మీవాళ్లకే వెళ్లకపోవచ్చు. మీవాళ్లకి ఎక్కేవి కూడా ఎవరో అలా ఇచ్చినవే. అర్హత ఉన్నవాళ్లు 7 రోజులకోసారి, ఏడాదిలో 24 సార్ల దాకా ఇవ్వచ్చు.

అపోహ: భర్త రక్తం భార్యకి ఎక్కించడం కంటే సురక్షితం ఇంకేముంటుంది?

ఈ మాట అడిగేటప్పుడు గొంతులో ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలుసు. అందుకే కాదు అని చెప్పడం కష్టంగా ఉంటుంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న భార్యకి భర్త రక్తం వద్దనే మేము అంటాం. గ్రూపు కలిసినా ఎర్రకణాల మీద ఇంకా చాలా రకాల యాంటిజెన్లు, అంటే కణాన్ని గుర్తుపట్టే ముద్రల్లాంటివి, ఉంటాయి. భర్త కణాల మీద ఉండి తనలో లేనివాటికి ఆమె శరీరం యాంటీబాడీలు (వాటిని ఎదిరించే పదార్థాలు) తయారుచేసుకోవచ్చు. రేపు కడుపులో పడే బిడ్డకి అవే యాంటిజెన్లు తండ్రి నుంచి వస్తే, ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలను నాశనం చేయొచ్చు. భార్య రక్తం భర్తకి ఎక్కించినా ఇబ్బంది ఉంది. బిడ్డని కన్న స్త్రీ ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) భర్త తెల్లకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉండే అవకాశం ఉంది.

మరి అన్నదమ్ములో, తల్లిదండ్రులో? రక్తసంబంధీకుల నుంచి వచ్చిన బ్యాగును తప్పనిసరిగా రేడియేషన్‌కి గురిచేసి ఇస్తాం. లేకపోతే అందులోని తెల్లకణాలు పేషెంటు శరీరం మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అది అరుదు, కానీ వస్తే చాలావరకు ప్రాణాంతకం. పైగా ల్యుకేమియా పేషెంటుకి రేపు వాళ్ల నుంచే మూలకణాలు (ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే కణాలు) తీసుకోవాల్సి రావచ్చు. ఇప్పుడే వాళ్ల రక్తం ఎక్కిస్తే ఆ దారి చెడిపోవచ్చు.

ఫలానా పేషెంటుకే అని పేరు రాసి ఇచ్చే పద్ధతి ఇక్కడ లేకపోలేదు. దానికి డాక్టరు ఆర్డరు కావాలి, కొన్ని రోజులు పడుతుంది, అదనపు ఖర్చు ఉంటుంది. పరీక్షలు మాత్రం అందరికీ చేసేవే. తెలిసినవాళ్ల రక్తం ఎక్కువ శుభ్రం అనుకోవడానికి ఆధారం లేదు.

అపోహ: మనవాళ్ల గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే గంటలో పదిమంది ఇచ్చేస్తారు.

పదిమంది వస్తారు, నిజమే. అందులో చాలామంది వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. మలేరియా ఉన్న దేశంలో ఐదేళ్లకు పైగా నివసించి వచ్చినవాళ్లు అమెరికా వచ్చాక 3 సంవత్సరాలు రక్తం ఇవ్వడానికి వీల్లేదు. ఇక్కడే ఏళ్లుగా స్థిరపడినవాళ్లు సంక్రాంతికి ఇంటికి వెళ్లొస్తే 3 నెలలు ఆగాలి. మొన్న ఆగస్టులో దిగిన ఎంఎస్ పిల్లలు సెలవు పెట్టుకుని, కార్లు మాట్లాడుకుని వస్తారు. కౌంటర్ దగ్గర కాదన్నప్పుడు వాళ్ల మొహాలు చూడలేం. ముందే సెంటర్‌కి ఫోన్ చేసి అడిగితే ఆ బాధ ఉండదు. మన ఆడవాళ్లలో చాలామంది హిమోగ్లోబిన్ దగ్గర ఆగిపోతారు. ఇక్కడ స్త్రీలకి 12.5, పురుషులకి 13 ఉండాలి.

అపోహ: హెచ్‌1బీ, హెచ్‌4 మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు.

ఇవ్వచ్చు. వీసాతో సంబంధం లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు.

అపోహ: నెగటివ్ గ్రూపైతే పరాయి దేశంలో దొరకడం అసాధ్యం.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. భారతీయుల్లో ఆర్‌హెచ్ నెగటివ్ సుమారు 5 శాతం, అమెరికాలోని తెల్లవారిలో 15 శాతం దాకా ఉంటారు. గుంటూరులో ఓ నెగటివ్ అంటే ఊరంతా ఫోన్లు చేసేవాళ్లం. ఇక్కడ అది మా అరలో ఎప్పుడూ కొంత ఉంటుంది. జపాన్‌లోనో చైనాలోనో ఉన్నవాళ్లది వేరే సంగతి. అక్కడ నెగటివ్ ఒక శాతం కూడా ఉండదు కాబట్టి, ఆపరేషన్‌కి ముందే ఆసుపత్రికి చెప్పుకోవాలి.

నిజంగా కష్టమైనది బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం. 1952లో ముంబైలో గుర్తించారు. మన దేశంలో దాదాపు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది, యూరప్‌లో పది లక్షల మందిలో ఒకరికి. వాళ్లకి 'ఓ' (O) గ్రూపు కూడా సరిపడదు. అలాంటప్పుడు కూడా వాట్సాప్‌లో వెతికే పని మీది కాదు. అమెరికాలో అరుదైన దాతల కార్యక్రమం ఉంది, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అంతర్జాతీయ జాబితా ఉంది. ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు వాటి ద్వారా అడుగుతుంది.

అపోహ: బ్లడ్ గ్రూపు కలిస్తే బోన్ మ్యారో (ఎముక మజ్జ) ఇవ్వచ్చు.

దీనికి గ్రూపు కలవనక్కర్లేదు. మార్పిడి అయ్యాక పేషెంటు గ్రూపే దాత గ్రూపుగా మారిపోతుంది. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే కణాల గుర్తులు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో అది పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. భార్యాభర్తలకి సాధారణంగా కలవదు. అమెరికాలో మూలకణ దాతల పేర్లు నమోదు చేసే ఎన్‌ఎండీపీ రిజిస్ట్రీ లెక్కల్లో తెల్లవారికి పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలవారికి 47 శాతం. పేర్లు నమోదు చేసుకున్న మనవాళ్లు తక్కువ కావడం ఈ తేడాకి ఒక పెద్ద కారణం. మీ స్నేహితుల ఉత్సాహం ఖర్చు కావాల్సింది ఇక్కడే. 18 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లు బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఇస్తే నమోదు అయిపోతుంది. ఇండియాలో ఉన్న బంధువులకి 2009లో చెన్నైలో మొదలైన దాత్రి అనే ఇలాంటి రిజిస్ట్రీయే ఉంది.

అపోహ: గ్రూపు కార్డు చూపిస్తే చాలు, మళ్లీ మళ్లీ శాంపిల్ తీయడం డబ్బుల కోసమే.

గత మూడు నెలల్లో రక్తం ఎక్కినా, గర్భం వచ్చినా ఒక శాంపిల్ 3 రోజులే పనికొస్తుంది. ఈలోగా కొత్త యాంటీబాడీ పుట్టి ఉండొచ్చు. దీనికంటే మోసం చేసేది పాత యాంటీబాడీ. ఎప్పుడో ఒకసారి రక్తం ఎక్కినప్పుడో, కాన్పులోనో పుట్టి, ఏళ్లు గడిచేసరికి పరీక్షకి అందనంత తగ్గిపోతుంది. మళ్లీ అదే యాంటిజెన్ ఉన్న రక్తం పడితే కొద్ది రోజుల్లోనే విజృంభించి, ఎక్కించిన కణాలను విరిచేయొచ్చు. మా పరీక్షలో కనిపించని ఆ విషయం పాత కాగితంలో దొరకవచ్చు. ఆ కాగితాన్ని కుటుంబం తప్ప ఎవరూ తేలేరు.

అందుకే ఆ రాత్రి అతన్ని రెండే అడిగాను: ఆమెకి ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? గర్భం ఎన్నిసార్లు వచ్చింది, నిలవనివి కూడా కలిపి? మొదటిదానికి "లేదు" అన్నాడు. అయినా ఒకసారి అత్తగారిని అడగమన్నాను. తెనాలిలో అప్పటికి తెల్లవారింది. ఆవిడ బీరువాలోంచి కాన్పు నాటి డిశ్చార్జి కాగితాలు తీసి ఫొటోలు పంపారు. రెండో పేజీలో చేతిరాతతో ఉంది, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించినట్టు, తేదీతో సహా. అతను ఆ ఫొటోలు నర్సుకి చూపించి, బ్లడ్ బ్యాంకుకి చేర్చమని చెప్పాడు. వాట్సాప్ మెసేజ్ తీసేసి, ఆ ముగ్గురికీ రిజిస్ట్రీ లింకు పంపాడు.