క్లబ్బు సౌండు: అపోహలు - వాస్తవాలు

మాది సోలాపూర్. మా నాన్న (బాపు అంటాం) పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసేవాడు. నేను ముంబైలో లైవ్ మ్యూజిక్ క్లబ్బుల్లో సౌండ్ చూస్తాను. 1982 సమ్మె తర్వాత ఒక్కొక్కటే మూతబడిన లోయర్ పరేల్ బట్టల మిల్లుల ఆవరణల్లోనే ఈ క్లబ్బులు చాలా ఉన్నాయి. నూలు పని నుంచి మా ఇల్లు ఎంత దూరం వచ్చిందో అర్థం కాదు. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికి చేరేలోపే ఎవరో ఒకరు ఆపి అడిగే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులివి.

అపోహ: వాట్లు పెరిగితే సౌండ్ అంత పెరుగుతుంది.

ఇది డాల్బీ పుణ్యం. గణపతి నిమజ్జనంలో ట్రాలీ మీద గోడలా పేర్చే స్పీకర్లను మా వైపు డాల్బీ అంటాం. ఆ పేరున్న కంపెనీకీ వాటికీ ఏ సంబంధమూ లేదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దం కొలత), చెవికి అది కొంచెం తేడా. రెట్టింపు అయినట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. ఆ డబ్బు గది మీద పెట్టినవాడు తెలివైనవాడు.

సౌండ్‌చెక్‌కి వెళ్లగానే నేను మిక్సర్ ముట్టను. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొడతాను. అది గోడలకు తగిలి గిరగిరా తిరిగొస్తే ఆ రాత్రి పాడేవాళ్ల మాట ఒక్కటీ అర్థం కాదన్నమాట. సాయంత్రం ఖాళీ హాల్లో సూదిలా గుచ్చిన సింబల్ (డ్రమ్స్‌లో ఉండే పెద్ద తాళం) మోత, జనం నిండాక మెత్తబడిపోతుంది. మనుషుల ఒళ్లు, బట్టలు అలాంటి సన్నని, పదునైన శబ్దాన్ని తాగేస్తాయి. అందుకే రాత్రంతా నా వేళ్లు మిక్సర్ మీద సౌండ్ పెంచి తగ్గించే ఫేడర్ల మీదే ఉంటాయి.

అపోహ: గోడలకు ఫోమ్ గానీ గుడ్ల ట్రేలు గానీ అంటిస్తే సౌండ్ బయటికి పోదు.

పోతుంది. ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే. పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టేది బేస్, అంటే ధన్ ధన్ మనే లోతైన శబ్దం. 60 హెర్ట్జ్ బేస్ అల ఐదున్నర మీటర్ల పైన ఉంటుంది, రెండంగుళాల ఫోమ్ దానికి ఏ మూలకు? ఆపేది బరువు. రెండు గోడలు, మధ్య ఖాళీ, తలుపు సందులకు రబ్బరు కావాలి. గుడ్ల ట్రేల సంగతి వదిలేద్దాం.

అసలు భయం వేరే ఉంది. మామూలు ఫోమ్ నిప్పు తగిలితే నిమిషాల్లో హాలంతా విషపు పొగ నింపుతుంది. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక క్లబ్బులో 100 మంది, 2013 జనవరిలో బ్రెజిల్‌లోని సాంటా మరియాలో 242 మంది చనిపోయారు. రెండు చోట్లా స్టేజి మీద బాణసంచా కాల్చారు, రవ్వలు ఫోమ్‌కు అంటుకున్నాయి. ముంబై కమలా మిల్స్‌లో 2017 డిసెంబర్ అగ్నిప్రమాదంలో 14 మంది పోయారు. ఒకసారి ఒక క్లబ్బులో స్టేజి వెనక చవక ఫోమ్ చూశాను, ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా ఖాళీ సీసాల క్రేట్లు పేర్చి ఉన్నాయి. క్రేట్లు తీసేదాకా సౌండ్ ఆన్ చేయనన్నాను. తీశారు. మళ్లీ ఆ క్లబ్బు నుంచి నాకు ఫోన్ రాలేదు.

అపోహ: డీజే ఊరికే బటన్ నొక్కుతాడు.

ఒక రాత్రి మీరు నొక్కండి. పదో నిమిషానికి ఫ్లోర్ ఖాళీ అవుతుంది.

అపోహ: యాప్‌కి నెలనెలా డబ్బు కడుతున్నాం కదా, ఆ పాటలు క్లబ్బులో వేసుకోవచ్చు.

ఆ డబ్బు మీరు సొంతానికి వినడానికి. నలుగురు టికెట్ కొని వచ్చే చోట వేస్తే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వేరే లైసెన్స్ కావాలి. రికార్డింగుకి ఒకటి, అందులోని బాణీకి, సాహిత్యానికి ఇంకొకటి. పెళ్లి ఊరేగింపుకి చట్టంలో మినహాయింపు ఉంది, పెళ్లివారు కంగారు పడక్కర్లేదు.

అపోహ: రాత్రి పది దాటితే ఎక్కడా సౌండ్ పెట్టకూడదు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి గానీ, మూసి ఉన్న హాళ్లకు సడలింపు ఇస్తాయి. అలాగని పక్కింటివాళ్లకు వినిపించినా పర్లేదనుకోవద్దు. ఇళ్లున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, వ్యాపార ప్రాంతంలో 55. డాబా మీద క్లబ్బు పెట్టినవాడి టెన్షన్ అంతా ఇక్కడే.

అపోహ: చెవులు అలవాటు పడతాయి.

పడవు, చచ్చుబడతాయి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు వినొచ్చని ఒక లెక్క. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లబ్బులకు పెట్టిన హద్దు కూడా పావుగంట సగటున 100. ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచమనీ చెప్పింది.

నాకిది బాపు నేర్పిన పాఠం. మగ్గాల మోతలో కార్ఖానావాళ్లు పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో కాలింగ్ బెల్ ఆయనకు వినపడదు, టీవీ వీధి చివరిదాకా వినపడుతుంది. ఒకసారి ముంబై వచ్చినప్పుడు మిక్సర్ వెనక నా పక్కన నిలబెట్టుకున్నాను. మీటర్ 97 డెసిబెల్స్ చూపిస్తోంది. ఇయర్‌ప్లగ్స్ ఇస్తే పెట్టుకుని కాసేపు విన్నాడు, తీసి చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. బయటికొచ్చాక అడిగాడు:

"ఇవి ఎంతకస్తయిరా?"

"జత పది రూపాయలు బాపు."

"మా కార్ఖాన్ల ఇంక పన్నెండుమంది పోరగాళ్లున్నరు. పట్కరా."