ఆయిల్ బావుల ఉప్పునీళ్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని నార్త్ డకోటాలో, ఆయిల్ బావుల ఉప్పునీళ్లు ఒలికి చౌడుబారిన పొలాలను బాగుచేయడం నా పని. తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఉప్పునీళ్లే కదా, భయపడాల్సింది చమురుకు.

నాకైతే చమురు ఒలికిందంటేనే కాస్త నయం అనిపిస్తుంది. దాన్ని నేలలోని సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. ఉప్పును ఏ జీవీ తినదు. పైగా సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే, ఇక్కడి బాకెన్ పొర నుంచి చమురుతో పాటు వచ్చే నీటిలో 300 దాకా ఉంటాయి. అమ్మోనియం, రేడియోధార్మికత ఉన్న రేడియం అదనం.

అపోహ: నాలుగు వానలు పడితే అదే కొట్టుకుపోతుంది.

అందరూ బోల్తాపడేది ఇక్కడే. ఉప్పు దండిగా ఉన్నంతకాలం బంకమట్టి రేణువులు గుంపుగానే ఉంటాయి. మంచినీళ్లు తగిలి ఉప్పు పలచబడగానే, వాటికి అంటుకున్న సోడియం తన పని మొదలుపెడుతుంది. రేణువులు విడిపోయి సందుల్లో ఇరుక్కుంటాయి. ఇక నీరు దిగదు, ఎండితే పైన పెచ్చు కడుతుంది. మన రైతుల మాటల్లో చెప్పాలంటే పాలచౌడు (ఉప్పు ఎక్కువైన నేల) కాస్తా కారుచౌడు (సోడియం పట్టి గట్టిపడ్డ నేల) దారి పడుతుంది. అందుకే లీకైన రోజే ట్యాంకర్లతో మంచినీళ్లు కొట్టిస్తుంటే నాకు టెన్షన్. ముందు నిలిచిన ఉప్పునీళ్లు తోడేయాలి, తర్వాత కాల్షియం వేయాలి, ఆపైనే మంచినీళ్లు.

అపోహ: జిప్సం చల్లితే చాలు.

జిప్సంలోని కాల్షియం సోడియాన్ని రేణువుల నుంచి ఊడదీస్తుంది, అంతే. ఊడింది బయటికి పోవడానికి నేలకింద డ్రైనేజీ పైపులు లేకపోతే, వేసవిలో తడితో పాటు పైకెక్కి మళ్లీ తెల్లగా పూస్తుంది.

అపోహ: పైరు పచ్చబడింది, ఇక బోరుకు ఢోకా లేదు.

ఉప్పు వేళ్లను దాటి కిందికి దిగి ఉండొచ్చు. ఉప్పులోని క్లోరైడ్‌ను మట్టి పట్టి ఉంచలేదు, అది భూగర్భజలంతో పాటే నడుస్తుంది. ఆ నడక నిదానం కాబట్టి, బోరు ఉప్పెక్కేసరికి లీకు సంగతి ఊరు మరిచిపోయి ఉంటుంది. అసలు లీకు కనిపెట్టడమే ఆలస్యం. విల్లిస్టన్ దగ్గర బ్లాక్‌టెయిల్ క్రీక్ లీకు 2015 జనవరిలో బయటపడింది. 2014 ఆగస్టు నుంచే కారుతోందని, మొత్తం దాదాపు 11 కోట్ల లీటర్లని తర్వాత తేలింది.

బోరు నీటిని ల్యాబ్‌కు పంపేటప్పుడు చాలామంది టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) ఒక్కటే రాస్తారు. క్లోరైడ్, బ్రోమైడ్ కూడా రాయించండి. ఆ రెంటి నిష్పత్తిని బట్టి ఉప్పు ఆయిల్ బావిదా, చలికాలంలో రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిందా అన్నది చాలావరకు పట్టుకోవచ్చు.